దరియాపూరు వార్డు సభ్యుడు

1917వ సంవత్సరము జనవరి మాసమున అహమ్మదాబాదు నగరమందలి దరియాపూరు వార్డునకు ఒక ఉపయెన్నిక జరిగెను. మిత్రుల బలవంతము మీద ఆ యెన్నికకు నిలిచిన అభ్యర్థులలో నలుబదిరెండవ యేట నడుచుచున్న బారిష్టరు ఒకరుండెను. ఓట్లు లెక్కించి చూడగా ఆయన గెలిచినది ఒకే ఒక్క ఓటు ఆధిక్యముతో. ఓడిన ప్రత్యర్థి ఊరకుండక ఫిర్యాదు చేసి ఆ యెన్నికను రద్దు చేయించెను గాని, కొద్ది మాసములకు మరల జరిగిన యెన్నికలో బారిష్టరుగారికి ఎదురు నిలిచినవారే లేకపోయిరి. ఆ విధముగా, ఒకమారు ఒక్క ఓటుతోను, మరొకమారు ఓటే అక్కరలేకయు, వల్లభభాయి పటేలు నగరసభలో ప్రవేశించెను.

తెలుగువారికి ఆ పేరు వినగానే 1948 సెప్టెంబరు, హైదరాబాదు సంస్థానము, సేనల ప్రయాణము మనస్సునకు వచ్చును. ఐదువందలకు పైబడిన సంస్థానములను ఒక్క దేశముగా కూర్చిన ఆ ఉక్కుమనిషిని గూర్చి మన పాఠ్యపుస్తకములు చెప్పుచునే యున్నవి. కాని ఆ మహాకార్యమునకు మూడు దశాబ్దముల పూర్వము ఆయన కుళాయి నీటి లెక్కలు, మురుగుకాలువల కొలతలు, ఇంటిపన్ను బకాయిల పట్టీలు ముందు వేసికొని కూర్చుండిన దినములను చెప్పువారు తక్కువ. నాకు మాత్రము ఆ దినములే ఎక్కువ ఆసక్తికరములుగ తోచును. న్యాయస్థానమున అలవడిన విద్య ఒకటి నగరవీధులలోనికి దిగివచ్చినప్పుడు ఏమగునో తెలిసికొనదలచినవారికి అంతకన్న స్పష్టమైన దృష్టాంతము మన దేశచరిత్రలో నేనెరుగను.

ఆయన న్యాయవాదియైన మార్గము తిన్ననైనది కాదు. 1875 అక్టోబరు 31న నడియాదులో, మేనమామ ఇంట, ఒక సామాన్య కర్షకకుటుంబమున జన్మించెను. మెట్రిక్యులేషను గట్టెక్కువేళకు ఇరువదిరెండేండ్లు వచ్చినవి. కళాశాలకు పోవుటకు ధనము లేదు. అందుచే నాటి పేద విద్యావంతునకు తెరచియుండిన పక్కవాకిలి వంటి జిల్లా ప్లీడరు పరీక్షకు, ఎరవు తెచ్చిన పుస్తకములతో చదివి, ఉత్తీర్ణుడై, 1900లో గోధ్రాలో వకీలుబోర్డు కట్టెను. ఆ కాలమున ప్లీడరు వేరు, బారిష్టరు వేరు. ప్లీడరు తన జిల్లా కోర్టుల పరిధిలో మాత్రము వాదింపగలవాడు. బారిష్టరు లండను నగరమందలి న్యాయవిద్యామందిరములలో చదివి పట్టము పొంది వచ్చి హైకోర్టులలో సైతము నిలువగలవాడు. ఫీజులోను, గౌరవములోను ఆ యిరువురికి మధ్య ఆకాశపాతాళముల యంతరముండెడిది.

గోధ్రాలో ప్లేగు వ్యాపించినది. కోర్టులో పనిచేయు ఒక మిత్రుడు ఆ వ్యాధి వాత పడగా వల్లభభాయి దగ్గరనుండి శుశ్రూష చేసెను; మిత్రుడు దక్కలేదు, వ్యాధి మాత్రము శుశ్రూష చేసినవానిని పట్టుకొన్నది. భార్యను దూరముగ పంపివేసి, పాడుపడిన గుడిలో ఒంటరిగ పడియుండి, ఎట్లో కోలుకొన్నాడు. ఈ సంగతి పాఠకులు జ్ఞప్తియందుంచుకొన వలయును. ప్లేగు ఆయన జీవితములో ఇంకను రెండుమార్లు ఎదురుపడును.

అచ్చటినుండి బోర్సదు. క్రిమినలు కేసులకు పేరుపొందిన ఆ తాలూకా పట్టణములో ఆయన ముద్దాయిల పక్షమున వాదించి, సాక్షులను అడ్డుప్రశ్నలతో తబ్బిబ్బు చేయుటలో దిట్టయని పేరు గడించెను. ఇంగ్లండు ప్రయాణమునకు రూపాయి రూపాయి కూడబెట్టి అనుమతిపత్రములు తెప్పించుకొనగా, వి. జె. పటేలు అను పొడి అక్షరములు అన్నదమ్ములిద్దరికి నొక్కటియే యగుటచే, అవి అన్న విఠల్‌భాయి చేతికి చిక్కినవి. పెద్దవాడనైన నేనే ముందు పోవుట న్యాయమని అన్న యనగా, తమ్ముడు మారుమాటాడక ఆ పత్రములను, ధనమును ఆయనకే విడిచిపెట్టి, మరి కొన్నేండ్లు బోర్సదులోనే యుండిపోయెను.

1909లో భార్య ఝవేర్‌బా బొంబాయిలో శస్త్రచికిత్స అనంతరము మరణించినది. ఆ వార్త తెచ్చిన తంతి చేతికందినప్పుడు ఆయన న్యాయస్థానమున నిలిచి ఒక సాక్షిని ప్రశ్నించుచుండెను. కాగితము విప్పి చదివెను, మడిచి జేబులో పెట్టుకొనెను, ప్రశ్నలు పూర్తిచేసెను. కోర్టు ముగిసిన పిదపగాని ప్రక్కవారికి సంగతి తెలియలేదు. కొందరు దీనిని కాఠిన్యమందురు. నాకట్లు తోచదు. ఎదుట ముద్దాయి యున్నాడు, వాని ప్రాణము ఆ ప్రశ్నల మీద వ్రేలాడుచున్నది. పట్టిన పని నడుమ విడిచిపెట్టుటకు తన దుఃఖము సైతము చాలిన కారణము కాదని నమ్మిన మనుష్యుడు ఆయన. ఆ నమ్మకమే పిమ్మట నగరసభకు దక్కినది.

1910లో, ముప్పదియైదవ యేట, లండను చేరి మిడిల్ టెంపులులో ప్రవేశించెను. పుస్తకములు కొను స్తోమతు లేక ప్రతిదినము మైళ్ళ కొలది నడిచి గ్రంథాలయమునకు పోయి, తలుపులు తెరచినది మొదలు మూయు వరకు చదివి, ముప్పదియారు మాసముల చదువును ముప్పది మాసములలో ముగించి, ప్రథమశ్రేణిలో ప్రథముడై, 1913లో స్వదేశమునకు తిరిగివచ్చి అహమ్మదాబాదున స్థిరపడెను. పాశ్చాత్య వేషము, దండిగా ఫీజులు, సాయంకాలము గుజరాత్ క్లబ్బులో చీట్లపేక. గాంధీజీ ఆ క్లబ్బునకు తొలిసారి వచ్చి ప్రసంగించినప్పుడు సైతము ఈ బారిష్టరు పేకముక్కల మీదినుండి దృష్టి మరల్చలేదట. అట్టి మనుష్యుని మురుగుకాలువ దరికి తెచ్చినదేది?

ఇచ్చట అహమ్మదాబాదు పురపాలక చరిత్ర కొంత చెప్పవలసియున్నది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి చేసిన తీర్మానముతో మన పట్టణములలో ఎన్నికైన సభ్యులకు కొంత తావు దొరకినది. సబర్మతీ తీరమున నిలిచిన ఈ పాత కోటనగరములో జనులు 'పోళ్' అను ఇరుకుసందుల పేటలలో, గోడకు గోడ ఆనించి కట్టిన ఇండ్లలో నివసించెడివారు. ఒక్కొక్క పోళునకు ఒక వాకిలి. రాత్రి కాగానే మూసివేయుదురు. ఇంటిలోనే మురుగుగుంట, దాని ఊట చేరువ బావులలోనికి దిగుచుండెడిది. నగరమున తొలి నూలుమిల్లు స్థాపించిన రణ్‌ఛోడ్‌లాల్ ఛోటాలాలుగారు పురపాలక సంఘాధ్యక్షుడై, నదినుండి గొట్టముల ద్వారా నీరు తెచ్చుటకును, భూగర్భపు మురుగుకాలువలు వేయుటకును పూనుకొనినప్పుడు జనులు ఎదురు తిరిగిరి. పన్ను పెరుగునని కొందరు, గొట్టపు నీటివలన మైలపడుదుమని మరికొందరు. ఆయన వెనుదీయలేదు, 1891లో నీళ్ళు వచ్చినవి. అయినను, మిల్లులు పెరిగి, పనివారు వేలకొలది వచ్చి చేరి, 1921 నాటికి నగర జనసంఖ్య రెండులక్షల డెబ్బదివేలు దాటగా, ఆ పాత ఏర్పాటు చాలకపోయినది.

పైగా ఆ రోజులలో ప్రభుత్వము తాను నియమించిన ఐ.సి.ఎస్. అధికారిని మునిసిపల్ కమిషనరుగా ఈ నగరము మీద కూర్చుండబెట్టినది. షిల్లిడీ అను ఆ అధికారి సభ్యులను లక్ష్యపెట్టక తన యిష్టానుసారము వ్యవహరించుచుండుట క్లబ్బులోని వకీళ్ళకు దుస్సహమైనది. ఈయనను ఎదుర్కొనుటకు సాక్షులను బోనులో నిలువబెట్టి నిజము రాబట్టు మనుష్యుడే తగినవాడని వారు వల్లభభాయిని ఎన్నికలోనికి దింపిరి.

పురపాలక సమావేశమును ఒక్కమారైనను చూచినవారికి ఈ ఎత్తుగడలోని లోతు తెలియును. అజెండా కాగితములు ముందటి దినమున సభ్యుల యిండ్లకు వచ్చును. అందులో నూటికి తొంబది అంశములు కంట్రాక్టులు, బిల్లులు, బదిలీలు, స్థలముల కౌళ్ళు. వాటిని చదివి వచ్చువారు అరుదు. అధ్యక్షుడు అంశము సంఖ్య పలుకును, చేతులు లేచును, తీర్మానమగును. అందు ఒక్క సభ్యుడు లేచి, ఈ స్థలము ఎవరిది, కౌలు ఎప్పుడు ముగిసినది, ఆ ఉత్తరము ఫైలులో ఏల లేదు అని అడిగినచో సభ యంతయు నిటారుగ కూర్చుండును. వల్లభభాయి చేసినది ఇదియే. పారిశుధ్య సంఘమునకు అధ్యక్షుడై, ఫైళ్ళు తెప్పించి, కేసు కట్టలవలెనే మొదటి కాగితమునుండి చదివి, కమిషనరు చర్యలలోని లోపములను ఒక్కొక్కటిగ సభ ముందు పెట్టెను. ఆవేశము లేదు, దూషణ లేదు. తేదీలు, ఉత్తరములు, చట్టపు సెక్షనులు. తుదకు షిల్లిడీ ఆ పదవినుండి బదిలీ కావలసివచ్చినది. నగరసభలో ఎన్నికైన సభ్యుని ప్రశ్నకు అధికారి తల యొగ్గుట నాటి అహమ్మదాబాదునకు క్రొత్త.

ఆయన ఎన్నికైన ఆ యేడే నగరమున ప్లేగు విజృంభించినది. కోర్టులు మూతపడినవి, పాఠశాలలు మూతపడినవి, ధనవంతులు ఊరు విడిచిరి. ఇల్లు మారుమని మిత్రులెంత చెప్పినను ఆయన కదలలేదు. పారిశుధ్య సంఘాధ్యక్షుడే పారిపోయిన, చీపురు పట్టినవాడు ఏల నిలువవలె? ఉదయముననే పోళ్ళలో తిరిగి, కాలువలు కడిగించుచు, ఇండ్లలో మందు చల్లించుచు, పని ఎగ్గొట్టినవారిని అచ్చటికచ్చట నిలదీయుచు, పని చేసినవారి వేతనముల కొరకు సభలో పోరాడుచు దినములు గడిపెను. మరుసటి యేడు ఇన్‌ఫ్లుయెంజా విషజ్వరము ప్రపంచమంతటను ప్రాకి ఈ నగరమునకును రాగా, తాత్కాలికముగ ఆసుపత్రి యొకటి ఏర్పరచి నడపినవారిలో ఆయన యుండెను.

న్యాయవాదులు పురపాలకులగుట అహమ్మదాబాదునకే పరిమితమైన వింత కాదు. వల్లభభాయి దరియాపూరునుండి గెలిచిన ఆ 1917లోనే సేలములో రాజగోపాలాచారియను వకీలు పురపాలకాధ్యక్షుడయ్యెను. మన రాజమహేంద్రవరమున ప్లీడరుగానుండిన టంగుటూరి ప్రకాశముగారు అంతకు మునుపే ఆ పట్టణమునకు మునిసిపల్ చైర్మనుగా పనిచేసి యుండిరి. 1924వ సంవత్సరము చూడుడు: కలకత్తాకు చిత్తరంజనదాసు మేయరు, బొంబాయి కార్పొరేషనుకు విఠల్‌భాయి అధ్యక్షుడు, పాట్నాకు రాజేంద్రప్రసాదు, అలహాబాదుకు జవహరులాలు, అహమ్మదాబాదుకు వల్లభభాయి. అందరును న్యాయవాదులే. అక్షరజ్ఞానము నూటికి పదిమందికైనను లేని దేశమున, ప్రభుత్వపు భాషయు చట్టమును తెలిసి, ప్రభుత్వపు జీతము మీద ఆధారపడక బ్రదుకగలవాడు వకీలొక్కడే. కోపించిన కలెక్టరు అతని ఉద్యోగము తీసివేయలేడు. ఇది యొక కారణము. రెండవది, నా అభిప్రాయమున అంతకన్న పెద్దది, వృత్తిధర్మము: న్యాయవాది ఇతరుల కష్టమును తన నోట పలుకుటకు అలవాటుపడినవాడు. కోర్టులో కక్షిదారు ఒకడు, నగరసభలో కక్షిదారు ఒక వీధి. ఫీజు మాత్రము లేదు.

వల్లభభాయి పురపాలక జీవితములో కఠినమైన ఘట్టము పాఠశాలలను గూర్చినది. 1920లో సహాయనిరాకరణము ఆరంభమైనది. ఆయన కోర్టు విడిచి, దొరవేషము విడిచి ఖద్దరు ధరించెను. మరి పురపాలక పాఠశాలల మాటేమి? ప్రభుత్వపు గ్రాంటు తీసికొనినంతకాలము ప్రభుత్వపు ఇన్‌స్పెక్టరు వచ్చును, ప్రభుత్వపు ఆజ్ఞ చెల్లును. నగరసభ గ్రాంటు వలదని తీర్మానించి, తన పాఠశాలలను తానే నడుపుకొందునని ప్రభుత్వమునకు తెలియజేసెను. ఉత్తర ప్రత్యుత్తరములు నడచినవి. చట్టము మాకీ అధికారమీయలేదా అని ఒకరు, గ్రాంటు వదలినను నియంత్రణము వదలదని మరొకరు. తుదకు 1922 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఎన్నికైన సభను తొలగించి, తాను నియమించిన నిర్వాహక సంఘమునకు నగరమును అప్పగించెను. అంతటితో పోక, బడుల నిమిత్తము సభ చేసిన వ్యయము అక్రమమని, లక్షన్నర రూపాయలకు మించిన సొమ్ము ఆయనయు తోటి సభ్యులును తమ ఆస్తులనుండి చెల్లించవలయునని దావా వేసెను. ఎన్నో కేసులు వాదించిన మనుష్యుడు ఇప్పుడు ప్రతివాది. దావా జిల్లా కోర్టులో కొట్టివేయబడినది, హైకోర్టులోను నిలువలేదు. ప్రతి తీర్మానమును చట్టపు హద్దులు కొలిచి వ్రాయించిన చేతిచలువ అప్పుడు బయటపడెను.

ఆంధ్ర పాఠకునకు ఈ సందర్భమున చీరాల తప్పక జ్ఞప్తికి రావలె. ఆ కాలముననే, 1921లో, చీరాల-పేరాల ప్రజలు, తమ మీద బలవంతముగ రుద్దబడిన మునిసిపాలిటీ యొక్క పన్నుల భారము మోయలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరువిడిచి, వెలుపల పాకలు వేసికొని రామనగరమున నెలల తరబడి ఎండకు వానకు ఓర్చియుండిరి. అచ్చట మాకు మునిసిపాలిటీ వలదని పోరాటము. ఇచ్చట మా మునిసిపాలిటీ మాకే కావలెనని పోరాటము. పైకి విరుద్ధములుగ కన్పట్టు ఈ రెంటి మూలము ఒక్కటియే: పన్ను కట్టువానికి ఆ పన్ను మీద మాట చెల్లవలె. చీరాల వారు తమ యిండ్లను పణముగ నొడ్డిరి. వారి త్యాగము నా దృష్టిలో అహమ్మదాబాదు తీర్మానములకన్న ఒక పిసరు ఎక్కువయే గాని తక్కువ కాదు.

1924లో ఎన్నికలు తిరిగి జరుగగా వల్లభభాయి నగరసభాధ్యక్షుడయ్యెను. తరువాతి నాలుగేండ్లు నిర్మాణకాలము. ముందుగ ఆయన చేపట్టినది బకాయిల వసూలు. ఎగవేసినవారిలో పేదలు తక్కువ. పెద్ద యిండ్లవారు, పలుకుబడి కలవారు ఎక్కువ. పెద్దలకు నోటీసు ముందు, పిన్నలకు తరువాత అన్నది ఆయన వరుస. వచ్చిన సొమ్ముతో నీటి ఏర్పాట్లు విస్తరించినవి, మురుగుకాలువలు క్రొత్త పేటలకు సాగినవి. గాలి చొరని పాతనగరమునకు ఊపిరి కల్పించుటకై కోటగోడ పడగొట్టించి ఆ స్థలమున బాటవేయు ప్రణాళికను నడపినప్పుడు జనులలో కోలాహలము రేగినది. పాతనగరపు గోడ పోవుచున్నదని బాధపడినవారి బాధ నేను త్రోసిపుచ్చలేను. నాలుగువందల యేండ్ల రాయి అది. అయినను ఆ గోడ నీడన క్షయతో దగ్గుచున్న బిడ్డలను ఎరిగినవాడు ఆ నిర్ణయమును నిందింపజాలడు. ఒక ఉదయమున ఆయన స్వచ్ఛందసేవకులను వెంటగొని, చెత్తబండ్లతో చీపుళ్ళతో బయలుదేరి, హరిజనవాడ మొదలుగ వీధులు ఊడ్పించెను. హరిజనవాడతో మొదలిడుట గమనింపదగినది. ఏ పురపాలక సంఘములోనైనను చీపురు ఆ వాడకు చేరునది చివరనే, చేరినయెడల.

1927 జూలై నెలాఖరున గుజరాతు మీద కుంభవృష్టి కురిసినది. దినములకొలది ఎడతెగని వాన. ఒక నడిరాత్రి, నిద్రపట్టక, అధ్యక్షుడు ఒంటరిగ వానలో బయలుదేరి వీధులు చూచెను. నీరు ఎచ్చట నిలిచినది, ఎచ్చటికి పోలేక ఎదురు తన్నుచున్నది? కమిటీలలో పటములు చూచి చూచి ఏ కాలువ ఏ వాలున పారునో కంఠస్థమైన మనుష్యునకు చీకటి అడ్డుకాలేదు. మిత్రునొకని లేపి, ఆ వెంటనే నగరపు ఇంజనీరును లేపి, నీటికి అడ్డుపడుచున్న తూమును అప్పటికప్పుడు పగులగొట్టించెను. ఫైలు లేదు, టెండరు లేదు. తెల్లవారిన పిదప జవాబు తాను చెప్పుకొనును. చట్టమును అక్షరాల పాటించినవాడు ఏ గడియలో చట్టము కొరకు వేచియుండరాదో కూడ ఎరిగియుండెను. నగరము తెల్లవారుజామున మునగక మిగిలినది. గ్రామములకు ఆ భాగ్యము లేకపోగా ఆయన గుజరాతు అంతటను సహాయకార్యమునకు పూనుకొనెను.

1928లో అధ్యక్షపదవిని విడిచిపెట్టెను. అప్పటికే బార్దోలీ రైతులు ఆయనను పిలిచియుండిరి. భూమిశిస్తు నూటికి ఇరువదిరెండు వంతున పెంచుట అన్యాయమని సాగిన ఆ సత్యాగ్రహము ఫలితముగ విచారణసంఘము కూర్చుండి, లెక్కలు సరిచూచి, నూటికి ఆరు మాత్రమే న్యాయమని తేల్చినది. సర్దారను బిరుదు అచ్చట వచ్చినది. కాని శిస్తు లెక్కలలోని తప్పును పట్టిన కన్ను దరియాపూరు సభ్యుని కన్నే. అహమ్మదాబాదు నగరసభలో ఆయన స్థానమును మరొక న్యాయవాది, గణేశ్ వాసుదేవ్ మావలంకరుగారు, పిదప అలంకరించి, కాలక్రమమున స్వతంత్రభారత లోకసభకు తొలి స్పీకరయ్యెను. సభా మర్యాదలు ఆయన నేర్చినదిక్కడనే.

ప్లేగు మూడవమారు ఎదురుపడునని ముందు చెప్పితిని. 1935లో అది బోర్సదు తాలూకాలో పుట్టెను, ముప్పదియేండ్ల క్రితము ముద్దాయిల కొరకు వాదించి ఫీజులు గడించిన ఆ బోర్సదులోనే. అప్పటికి ఆయన అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షపదవి నిర్వహించి యుండెను. వయస్సు షష్టిపూర్తికి దగ్గరైనది. ఏ పురపాలక పదవియు లేదు, ఏ వార్డు సభ్యుడును కాదు. అచ్చట విడిదిచేసి, వైద్యుని, స్వచ్ఛందసేవకులను కూడగట్టి, గ్రామము తరువాత గ్రామము తిరుగుచు, ఎలుకలు చచ్చిన ఇండ్లు ఖాళీ చేయించి, పెంటకుప్పలు తీయించి, ఇంటిలో గాలి వెలుతురు ఎటునుండి వచ్చునో గృహస్థునకు చూపుచు, వేసవి ముదిరి వ్యాధి తగ్గుముఖము పట్టువరకు ఆ ఊళ్ళలోనే యుండెను.